గాంధీజీ తిరిగిచ్చేసిన మూడు పతకాలు

మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లొచ్చారు. ఆయన పతకాలు రెండు ఇప్పుడు లెస్టర్‌లో మా ఇంట్లో, అమ్మ కట్టిచ్చిన పసుపు గుడ్డలోనే ఉన్నాయి. ఇక్కడి మ్యూజియానికి ఇద్దామని మా అమ్మాయి అడుగుతోంది. తెల్లవాడి బిళ్లలు నలుగురికీ చూపించుకోవడమేమిటని ఊళ్లో ఉన్న బాబాయి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గాంధీజీ గుర్తొస్తారు. ఆయనకూ ఆ తెల్లవాళ్లే పతకాలిచ్చారు మరి.

1893లో ఏడాది ఒప్పందం మీద వకీలుగా దక్షిణాఫ్రికా వెళ్లిన గాంధీ, 1899లో బోయర్ యుద్ధం మొదలయ్యాక గాయపడిన బ్రిటిష్ సైనికులను మోయడానికి భారతీయులతో అంబులెన్స్ దళం కూడగట్టారు. మనసులో సానుభూతి బోయర్ల వైపే. అయినా బ్రిటిష్ పౌరులుగా హక్కులు అడిగేటప్పుడు బాధ్యత కూడా తీసుకోవాలన్నది ఆయన వాదన. దాదాపు 1,100 మంది చేరారు. సుమారు 300 మంది స్వతంత్రులు, మిగతావాళ్లు ఒప్పంద కూలీలు. మద్రాసులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉండేవారు. ఆ దళం స్ట్రెచర్లు మోస్తూ ఒక్కోరోజు 20, 25 మైళ్లు నడిచింది. యుద్ధ పతకాలు 37 మంది నాయకులకు వచ్చాయని గాంధీ రాసుకున్నారు. మోసిన వందలాది కూలీలు ఆ లెక్కలో లేరు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

1906లో జులూల తిరుగుబాటప్పుడు మళ్లీ చిన్న దళంతో, సార్జెంట్ మేజర్ హోదాలో వెళ్లారు. అక్కడ ఎక్కువగా చేసింది కొరడా దెబ్బలు తిన్న జులూలకు కట్లు కట్టడం. దానికో పతకం. 1915లో కైసర్-ఇ-హింద్ బంగారు పతకం.

ఇంట్లో దాచుకునే వస్తువుల గురించి ఆయనకు ముందే ఒక గొడవ జరిగింది. 1901లో నాటాల్ వదిలి వస్తుంటే అక్కడి భారతీయులు బంగారం, వజ్రాలు కానుకలిచ్చారు. కస్తూర్బాకు ఒక హారం. అన్నీ సంఘసేవకే చెందాలని గాంధీ నిర్ణయించి, ముందు పిల్లలను ఒప్పించారు. రేపు వచ్చే కోడళ్లకు ఏం పెట్టాలని, తన చాకిరీకి విలువ లేదా అని కస్తూర్బా కన్నీళ్లతో నిలదీశారు. హారం మాత్రం ఆగలేదు. (నా ఓటు కస్తూర్బాకే.)

పతకాల వంతు 1920 ఆగస్టు 1న వచ్చింది. పంజాబ్ దారుణాలకు, ఖిలాఫత్ విషయంలో జరిగిన అన్యాయానికి నిరసనగా మూడింటినీ వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌కు తిప్పి పంపారు. బాధ లేకుండా పంపడం లేదని ఆ లేఖలోనే ఒప్పుకున్నారు. తర్వాత రాసిన ఆత్మకథలోనూ స్ట్రెచర్లు మోసిన రోజులను దాచలేదు. పతకం వదులుకున్నారే గానీ, చేసిన సేవను కాదనలేదు.

బాబాయికి నిన్న ఫోన్‌లో ఇదే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మిలిటరీ డ్రెస్సులో నాన్న ఫొటో ఒకటుండాలి, ట్రంకు పెట్టెలో వెతుకుతానన్నారు.