ధర్మాశోకుడు

శ్రీమన్నారాయణుని దశావతారములలో బుద్ధదేవుని ఒక అవతారముగా ఎన్నుకొను సంప్రదాయము మనకు కలదు. శ్రీమద్భాగవతమునందును బుద్ధావతార ప్రస్తావన కలదు. ఆ మహనీయుని బోధను సింహాసనముపై కూర్చుండియు ఆచరింప యత్నించిన గృహస్థు మౌర్యచక్రవర్తి అశోకుడు.

చంద్రగుప్తుని మనుమడును, బిందుసారుని కుమారుడును అగు అశోకుడు సుమారు క్రీ.పూ. 268లో పట్టాభిషిక్తుడయ్యెను. ఎనిమిదేండ్ల పిదప కళింగమును జయించెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరి. లక్షా యేబదివేలమంది చెరపట్టబడి స్వస్థలములను వీడిరి. ఈ లెక్కలను విజేతయే శిలపై చెక్కించి, తన విజయమునకు తానే దుఃఖించెను.

దుఃఖించినంత మాత్రమున మనస్సు మారునా? ఉపాసకుడైన తరువాత ఒక సంవత్సరము పాటు తాను గట్టిగా సాధన చేయలేదనియు, సంఘమును ఆశ్రయించిన పిమ్మటనే పట్టుదల కలిగినదనియు ఆయనయే ఒప్పుకొనెను. సాధకులమగు మనకు ఈ మాట ఎంతో ధైర్యము నొసగును.

మార్పు వంటయింట కానవచ్చెను. పూర్వము రాజు పాకశాలలో ప్రతిదినము అసంఖ్యాకములగు ప్రాణులు చంపబడుచుండెను. దానిని రెండు నెమళ్లకును, ఒక జింకకును తగ్గించి, జింకనైనను నిత్యము చంపుట లేదనియు, ఇకమీదట ఆ మూడింటిని కూడ చంపబోమనియు ప్రకటించెను. వేట మాని ధర్మయాత్రలు సాగించెను. పట్టాభిషేకానంతరము ఇరువదవ యేట లుంబినిని సేవించి, ఆ గ్రామమునకు పన్ను తగ్గించెను. బాటల వెంబడి మఱ్ఱిచెట్లు నాటించి, బావులు త్రవ్వించెను. మనుష్యులకును, పశువులకును చికిత్స ఏర్పరచి, ఓషధులు లేనిచోట్ల వానిని తెప్పించి నాటించెను. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల పనిని వెంటనే విన్నవింపవలెనని ఆజ్ఞాపించెను.

మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని ఆయన శాసనములు కలవు. తల్లిదండ్రులను సేవించుట, గురువులను గౌరవించుట, ప్రాణులయెడ దయ, సత్యవాక్కు అచట విధింపబడినవి. పెండ్లిండ్లకు, పురుళ్లకు, ప్రయాణములకు జరుపు తంతులకంటె దాసులను, సేవకులను ఆదరించుటయే ఫలవంతమగు మంగళకార్యమని ఆయన తలచెను. తాను బౌద్ధుడై యుండియు ఆజీవకులకు బరాబరు కొండగుహలను దానమిచ్చెను. పరమతమును నిందించువాడు స్వమతమునకే కీడు చేయునని హెచ్చరించెను.

లోపములును కలవు. కళింగులను చెరనుండి విడిపించి పంపినట్లు గాని, రాజ్యమును మరల నిచ్చినట్లు గాని శాసనములలో కానరాదు. మరణదండనను తొలగింపక, దండితులకు మూడు దినముల గడువు మాత్రమే యొసగెను. పశ్చాత్తాప శాసనము కళింగమునందలి ధౌళి, జౌగడలలో లేదు. దానికి మారుగా ప్రజలందఱు తన బిడ్డలని తెలుపు శాసనములు వేయించెను. చేసిన హింస పూర్తిగా తుడుపునకు రాదు. అయినను, మిగిలిన దినములను దయతో నింపవచ్చును. ఆయన చేయగలిగినది అదియే.

కొండకు వచ్చి, మ్రొక్కు తీర్చుకొని, ప్రసాదముతో ఇల్లు చేరిన మనలను ఇంటి పనివారు ఎదుర్కొందురు. వృద్ధులగు తల్లిదండ్రులు ఎదురుచూచుచుందురు. వారితో మనము పలుకు మొదటి మాటలోనే మన యాత్రాఫలము తెలియును. ఆ మాట మృదువుగా వెలువడునట్లు శ్రీనివాసుడు మనలను అనుగ్రహించుగాక!