జార్జి హెవెషీ

అడవిలో మేయు మంద కాపరి కంటికి కానరాదు. అయినను ఒక్క ఆవు మెడలో గంట కట్టినచో, ఆ మ్రోతను బట్టి మంద యెచ్చట నున్నదో అతడు తెలిసికొనును. మనము భుజించు ఆహారము, త్రాగు నీరు శరీరములో ప్రవేశించిన పిదప ఎచ్చటికి పోవును? ఎంతకాలము నిలుచును? పూర్వము ఈ ప్రశ్నలకు వైద్యులు సరియైన సమాధానము చెప్పలేకుండిరి. పరమాణువుల మందకు గంట కట్టి, దాని జాడ తెలిసికొను ఉపాయమును లోకమునకు నేర్పిన మహనీయుడు జార్జి హెవెషీ.

హెవెషీ 1885వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన హంగరీ దేశమందలి బుడాపెస్టు నగరమున ఒక సంపన్న కుటుంబములో జన్మించెను. కలిమి యున్నను ఆయన మనస్సు విద్యయందే లగ్నమయ్యెను. జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున 1908లో డాక్టరు పట్టము పొందెను. 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమునకు పోయి, పరమాణు పరిశోధనలో జగత్ప్రసిద్ధుడైన రూథర్‌ఫర్డు నొద్ద చేరెను.

ఆ కాలమున రూథర్‌ఫర్డు నొద్ద ఆస్ట్రియా ప్రభుత్వము పంపిన సీసము విస్తారముగా నుండెను. అది రేడియము తీయు ఖనిజమునుండి వచ్చినది. అందు రేడియం-డి యను పదార్థము స్వల్పముగా కలిసియుండి కిరణములను వెలువరించుచుండెను. చుట్టును సీసము కప్పియుండుటచే అది ప్రయోగములకు పనికిరాకుండెను. ఆ రెంటిని వేరుచేయు భారమును రూథర్‌ఫర్డు హెవెషీకి అప్పగించెను. హెవెషీ తనకు తెలిసిన రసాయన పద్ధతుల నన్నింటిని ప్రయోగించి చూచెను. ఒకటి విఫలము కాగా మరియొకటి పూనెను. ఇట్లు సుమారు రెండేండ్లు శ్రమించినను రవ్వంతయైన ఫలితము కలుగలేదు.

దీని కారణము ఇప్పుడు మనకు తెలియును. రేడియం-డి వేరొక మూలకము కాదు, అదియు సీసమే. ఒకే మూలకమునకు చెంది, బరువులో మాత్రము భేదము గల ఇట్టి పరమాణువులను ఐసోటోపులందురు. వాని రసాయన గుణములు ఒక్కటే యగుటచే రసాయన పద్ధతులు వానిని విడదీయజాలవు.

యువకుడైన పరిశోధకునకు ఇంతకాలపు శ్రమ వ్యర్థమగుట సామాన్యమైన దెబ్బ కాదు. మరియొకడైనచో ఆ పనిని విడిచి, దాని మాటయే తలపెట్టకుండును. హెవెషీ అట్లు చేయక తన ఓటమినే పరీక్షించెను. రేడియం-డి సీసమునుండి ఎన్నటికిని విడివడనిచో, సీసము పోయిన చోటికెల్ల అదియు పోవలయును గదా! దాని కిరణములను కనిపెట్టినచో, కంటికి కానరాని సీసపు జాడయు తెలియును గదా! 1913లో ఆయన వియన్నా నగరమున పానెత్ అను మిత్రునితో కలిసి, నీటిలో కరుగనట్లు కనిపించు సీసపు లవణములు నిజముగా నెంత కరుగునో ఈ మార్గముననే కొలిచెను.

ఈ విషయమున ఒక ముచ్చట చెప్పుదురు. మాంచెస్టరులో హెవెషీ భోజనము చేయు ఇంటి యజమానురాలు, ఒకనాడు మిగిలిన మాంసమునే మరునాడు వేరు రూపమున వడ్డించుచున్నదని ఆయనకు అనుమానము కలిగెను. ఆమె అది నిజము కాదనెను. అంతట హెవెషీ తాను మిగిల్చిన ఆహారములో కిరణములనిచ్చు పదార్థమును అణుమాత్రము కలిపెను. కొన్ని దినములకు వచ్చిన వంటకము వద్ద పరికరము నుంచి చూడగా, గుట్టు బయటపడెను.

తరువాత ఆయన డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెనులో నీల్స్ బోరు స్థాపించిన సంస్థలో పనిచేసెను. 1923లో, చిక్కుడు జాతి మొక్క వ్రేళ్లతో పీల్చుకొనిన సీసము ఏ భాగమునకు ఎంత చేరునో నిరూపించెను. ఎముకలు ఒకసారి యేర్పడిన పిదప రాతికట్టడమువలె మార్పులేక యుండునని అంతవరకు పలువురు తలచుచుండిరి. 1935లో హెవెషీ ఒక సహచరునితో కలిసి, కిరణములనిచ్చు భాస్వరమును ఎలుకలకు పెట్టి పరీక్షించెను. ఎముకలలోని భాస్వరము నిత్యము వెలికి పోవుచుండుననియు, క్రొత్తది వచ్చి చేరుచుండుననియు తేలెను.

1940 ఏప్రిలులో జర్మను సేనలు కోపెన్‌హేగెనులో ప్రవేశించెను. నాజీలకు ఇష్టులు కాని లౌవె, ఫ్రాంకు అను ఇద్దరు శాస్త్రజ్ఞుల నోబెల్ స్వర్ణపతకములు ఆ సంస్థలో దాచబడి యుండెను. జర్మనీనుండి బంగారము బయటికి పంపుట ఘోరమైన నేరము. పతకములపై వారి పేర్లు చెక్కబడి యున్నవి. అవి దొరికినచో వారికి ప్రాణాపాయము. సైనికులు వీథులలో నడచుచుండగా, హెవెషీ ఆ పతకములను ద్రవరాజమను ఆమ్లమిశ్రమములో కరిగించెను. ఆ ద్రవముగల పాత్ర సామాన్యమైన రసాయనమువలె అలమారలో నిలిచెను. సోదాకు వచ్చినవారు దానిని గుర్తింపలేదు. 1943లో హెవెషీ స్వీడనునకు తప్పించుకొని పోయెను. యుద్ధానంతరము వచ్చి చూడగా, పాత్ర చెక్కుచెదరక యుండెను. అందలి బంగారముతో పతకములు మరల పోతపోయబడి, యజమానులకు చేరెను.

1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము హెవెషీకి లభించెను. 1966 జూలై 5వ తేదీన ఆయన ఫ్రైబుర్గులో దివంగతుడయ్యెను.

నేడు ఎముకలలో వ్యాధి కలదేమోయని వైద్యునికి సందేహము కలిగినచో, రోగిని న్యూక్లియర్ మెడిసిన్ కేంద్రమునకు పంపును. అచ్చట టెక్నాలజిస్టు, భాస్వర సమ్మేళనముతో కూర్చిన టెక్నీషియము మందును జాగ్రత్తగా కొలిచి, రోగి రక్తనాళములోనికి ఎక్కించును. నీరు త్రాగించి, రెండు మూడు గంటలు గడచిన పిదప గామా కెమెరా క్రింద పరుండబెట్టి, మందు చేరిన చోట్లను చిత్రించును. ఆ మందు కిరణశక్తి 6 గంటలలో సగమునకు, 24 గంటలలో పదునారవ వంతునకు తగ్గును. రోగి ఆనాడే ఇల్లు చేరవచ్చును.

దినమంతయు అట్టి మందులతో మెలగు టెక్నాలజిస్టునకు వాని కిరణములు హాని చేయకుండ, మందు పాత్రకు దళసరి సీసపు కవచము నమర్తురు. హెవెషీని రెండేండ్లు ఓడించిన ఆ సీసమే ఆయనకు క్రొత్త మార్గమును చూపెను. ఆ మార్గమున నడచువారిని నేడు అదియే కాపాడుచున్నది. ఓటమిని దాచక, అది యేమి నేర్పుచున్నదో విచారించినవానికి శ్రమ యెన్నడును వ్యర్థము కాదని హెవెషీ జీవితము చాటుచున్నది.