డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకున్న మనలో చాలామందికి బోదకాలు రాకుండా పంచిన డి.ఇ.సి. మాత్రలు గుర్తుండే ఉంటాయి. అన్నం తిన్నాక వరుసలో నిలబెట్టి మింగించేవారు. బుగ్గన దాచుకుని పెరట్లో ఉమ్మేసిన వీరులు కూడా ఉన్నారు! ఆ మందు సుబ్బారావు గారి ఆధ్వర్యంలో పుట్టిందని అప్పుడు మనకు తెలియదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. (పరీక్ష తప్పామని బెంగపడే తమ్ముళ్ళు ఈ వాక్యం మళ్ళీ చదువుకోండి.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జబ్బుతో తోడబుట్టిన ఇద్దరు రోజుల తేడాలో పోయారు. అదే జబ్బు ఆయననూ పట్టి వదిలింది.

మామగారి సాయంతో, ధర్మనిధి ఆసరాతో బోస్టన్ చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు హార్వర్డ్‌లో చదువు. ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. తోబుట్టువులను మింగిన స్ప్రూకు అది మందయింది. తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలు తయారు చేశారు. ఫోలిక్ ఆమ్లం అందకపోతే వేగంగా పెరిగే కణాలు ఆగిపోతాయి. ఆ విరుగుళ్ళలో ఒకటైన అమినోప్టెరిన్‌తో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఊపిరి పోశారని 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్ళకే కన్నుమూశారు. స్వదేశానికి మళ్ళీ రాలేదు. ఇక్కడ ఉండిపోయిన భార్య శేషగిరి గారు ఆయన్ను మళ్ళీ చూడనే లేదు. ఈ సంగతి రాస్తుంటే చెయ్యి ఆగింది.

ఆయన మందుల కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను తర్వాత తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడారు. ఇవి మన రోగనిరోధక శక్తి దారితప్పి మన ఒంటినే కొట్టే జబ్బులు. టైప్-1 షుగరూ అలాంటిదే. టి కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తాయి. మెథోట్రెక్సేట్‌ను దీనికీ పరీక్షించి చూశారు, పనిచేయలేదు. 1980లలో సైక్లోస్పోరిన్ వాడినంతకాలం కొందరికి మేలు కనిపించింది కానీ, మూత్రపిండాలకు ముప్పని మానేశారు. 2022 నవంబరులో అమెరికా టెప్లిజుమాబ్‌ను అనుమతించింది. జబ్బు పూర్తిగా బయటపడకముందే 14 రోజులు నరంలోకి ఎక్కించే మందు ఇది. టి కణాల దూకుడు తగ్గించి జబ్బును సుమారు రెండేళ్ళు వెనక్కి నెడుతుంది. నయం మాత్రం చేయదు.

జబ్బు వచ్చినవారికి 1922లో తొలిసారి మనిషికి ఎక్కించిన ఇన్సులినే ఇప్పటికీ ప్రాణాధారం. నాటుమందు నమ్మి సూది మానితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మన గదుల్లో ఏ తమ్ముడైనా, చెల్లైనా విపరీతంగా నీళ్ళు తాగుతూ, రాత్రి మాటిమాటికీ లేస్తూ, తిన్నా చిక్కిపోతుంటే వార్డెన్ గారికి చెప్పి ఆ రోజే రక్తపరీక్షకు తీసుకెళ్ళండి.