తోలు చదువు చదివిన డాక్టర్ నాయుడమ్మ

మా హాస్టల్ వెనుక బీడులో తంగేడు పొదలు చాలా ఉన్నాయి. వానలు పడితే చాలు, పసుపుపచ్చగా విరగబూస్తాయి. ఆ పూలు మాకు తెలుసు గానీ, ఆ చెట్టు బెరడుకు ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేదని మొన్నటి దాకా తెలియదు. మాలో కొందరి తాతలు ఆ చెక్క దంచి నీళ్లలో నానబెట్టి తోళ్లు పదును చేసేవారట. కపిల బావుల కాలంలో బానకు తొండం కుట్టింది కూడా వాళ్లే. కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి, వాటితో పాటే ఆ పనీ పోయింది. ఇంట్లో ఆ సంగతి అడిగితే పెద్దవాళ్లు మాట మార్చేస్తారు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని మా వార్డెన్ సారు చెప్పినప్పుడు మేము ఎంచుకున్నది, ఆ తోలు విద్యనే నేర్చుకోవడానికి సముద్రాలు దాటి వెళ్లిన ఒక తెలుగువాడిని. ఆయనే డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారు. పేరు చూసి ఆడమనిషి అనుకోకండి. మేమూ మొదట అలాగే అనుకున్నాము!

నాయుడమ్మ గారు 1922 సెప్టెంబర్ 10న అప్పటి గుంటూరు జిల్లా, తెనాలి దగ్గరి యలవర్రు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టారు. గుంటూరులో ఇంటర్మీడియట్ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విద్య పూర్తి చేశారు. తరువాత మద్రాసులో తోళ్ల సాంకేతిక విద్యా సంస్థలో చేరారు. అంటరానితనం అంత గట్టిగా ఉన్న రోజుల్లో రైతు ఇంటి పిల్లవాడు తోళ్ల పనికి పోవడం చిన్న విషయం కాదు. మన దేశంలో ఏ పని ముట్టుకుంటే మనిషిని ఊరి బయట పెట్టారో, సరిగ్గా ఆ పనినే ఆయన తన చదువుగా ఎంచుకున్నారు.

అప్పట్లో మన కర్నూలు, కడప జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మనకు పెద్ద పట్నం అంటే మద్రాసే. కరువు సీమలో పంట పండినా పండకపోయినా గొర్రెలు, మేకలు ఉంటాయి కదా. అందుకే ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో తోళ్ల వ్యాపారం బాగా సాగేది. మద్రాసులో పెరియమేటు ఆ వ్యాపారానికి పేరుపడ్డ చోటు. దక్షిణాది టానరీలలో తంగేడు చెక్కతో, కరక్కాయతో సగం పదును చేసిన తోళ్లు ఓడలెక్కి లండన్ చేరేవి. అక్కడి వాళ్లు వాటికి రంగు, మెరుగు పెట్టి బూట్లు, బ్యాగులు కుట్టి అమ్ముకునేవారు. కష్టం, కంపు మన వంతు. లాభం వాళ్ల వంతు.

నాయుడమ్మ గారు 1940లలో విదేశీ శిక్షణకు బయలుదేరి ముందుగా చేరింది ఇంగ్లండులోని నార్తాంప్టన్. అది బూట్ల తయారీకి పేరు పొందిన ఊరు. మన తోళ్లు పోయిన దారినే ఆయనా పోయారన్నమాట. ఆ తరువాత అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బెత్లెహెమ్ పట్టణంలోని లీహై విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., పిహెచ్.డి. చేశారు. బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంతో పేరు పొందిన ఊరు. ఇప్పుడు విదేశీ చదువు అంటే మాకు కంప్యూటర్లు, ఎం.బి.ఏ. గుర్తొస్తాయి. ఆయన మాత్రం మన ఊళ్లలో లంద దగ్గర జరిగే పనినే అక్కడ రసాయన శాస్త్రంగా చదివారు.

ఆ పనిలో ఇంత శాస్త్రం ఉందని మాకు మా సైన్స్ సారు వివరించిన తరువాతే అర్థమైంది. పచ్చి తోలును ముందు సున్నపు నీళ్లలో వేస్తే వెంట్రుకలు ఊడి వస్తాయి. మిగిలేది ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. తంగేడు చెక్కలోని టానిన్ ఆ ప్రోటీన్ పోగులను పట్టుకుంటే ఇక కుళ్లదు. ఇందుకు వారాలు పడుతుంది. క్రోమియం లవణాలతో అయితే ఒకటి రెండు రోజుల పని. పుస్తకం ముట్టని మన తాతలు ఆ మొదటి పద్ధతిని చేతివేళ్ల అంచనాతోనే నడిపారు. వాళ్లను ఎవరూ శాస్త్రజ్ఞులు అనలేదు.

చదువు ముగించి నాయుడమ్మ గారు మద్రాసుకే తిరిగి వచ్చారు. 1948లో అడయారులో శంకుస్థాపన జరిగిన కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థలో చేరి, 1958లో దానికి డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లలోపే. 1971 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ సంస్థ ఆవరణలోనే ప్రయోగాల కోసం ఒక టానరీ ఉంది. ప్రయోగశాలలో తేలిన విషయం పుస్తకంలోనే ఉండిపోకుండా కార్ఖానాకు చేరాలన్నది ఆయన పట్టుదల. టానరీల వాళ్లు, పనివాళ్లు వచ్చి నేర్చుకునే ఏర్పాట్లు జరిగాయి. విదేశాలలో ఆయన నేర్చుకున్న అసలు వ్యాపార పాఠం ఇదేనని మేము అనుకుంటున్నాము. ముడి సరుకు అమ్మేవాడు ఎప్పుడూ పేదవాడే.

1973లో ప్రభుత్వం ముడి తోళ్ల ఎగుమతిని నిషేధించి, సగం పదును చేసిన తోళ్ల ఎగుమతికి పరిమితి పెట్టింది. పూర్తిగా తయారైన తోలు, చెప్పులు, బూట్లు ఇక్కడి నుంచే వెళ్లడం మొదలైంది. ఆ మార్పును తట్టుకునే సాంకేతిక శక్తి మన పరిశ్రమకు ఉందంటే అడయారు సంస్థ చేసిన పని అందుకు ముఖ్య కారణం.

అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. పరిశ్రమ పెరిగింది, రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి పట్టణాలు పెరిగాయి. కానీ ఊరి చివర తోలు పని చేసిన కుటుంబాలలో ఎన్ని యజమానులు అయ్యాయి? పెట్టుబడి ఉన్నవాళ్లు టానరీలు పెట్టారు, మనవాళ్లు కూలికి పోయారు. ఆ టానరీల మురికి నీళ్లతో పాలారు నది పాడై, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో తీర్పు కూడా వచ్చింది. ఇవన్నీ నాయుడమ్మ గారి తప్పులని మేము అనడం లేదు. ఆయన తెచ్చిన విద్య అందరికీ సమానంగా అందలేదని మాత్రం అంటున్నాము.

1971 నుంచి 1977 వరకు ఆయన ఢిల్లీలో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. దేశంలోని ప్రయోగశాలల విజ్ఞానాన్ని ఒక వెనుకబడిన జిల్లాలో అమలు చేసి చూడాలని కరీంనగర్‌ను ఎంచుకున్నది ఆ రోజుల్లోనే. ఆ జిల్లా బదులు మన సీమ జిల్లా ఒకటి ఎంచుకుని ఉంటే బాగుండేదని మాకు చిన్న ఆశ! 1971లో పద్మశ్రీ వచ్చింది. 1981, 82లలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

1985 జూన్ 23న ఆయన కెనడా నుంచి ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో తిరిగి వస్తున్నారు. ఐర్లండ్ తీరం దగ్గర అట్లాంటిక్ సముద్రంపై ఆ విమానం బాంబు పేలి కూలిపోయింది. అందులోని 329 మందీ చనిపోయారు. ఆయనకు అప్పటికి 63 ఏళ్లు నిండలేదు.

అడయారులోని ఆ సంస్థ ఆవరణలో అన్నా విశ్వవిద్యాలయం వారి తోళ్ల సాంకేతిక బి.టెక్. కోర్సు ఉంది. కడపలో రైలెక్కితే చెన్నై ఎంతో దూరం కాదు. ఈ వ్యాసం రాస్తూ మేము ఆ కోర్సు సంగతి ఇళ్లలో చెప్పాము. ఇంత చదివించేది మళ్లీ తోలు పనికి పంపడానికా అని మాలో ఒకడి అవ్వ కోప్పడింది. వాడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఇంటర్‌లో ఎం.పి.సి. మాత్రం తీసుకున్నాడు.