కర్నూలులో గుడారాలు.. చండీగఢ్‌లో కాంక్రీటు! ఎవరీ లె కార్బుజియే?

ప్లాస్టరింగ్ లేదు.. సున్నం లేదు.. రంగు అసలే లేదు. సెంట్రింగ్ పలకలు విప్పాక గోడ ఎలా ఉందో అలాగే వదిలేశారు. చండీగఢ్ సెక్రటేరియట్ ఫొటో చూస్తే బిల్లు రాక పని ఆపేశారేమో అనిపిస్తుంది. కానీ అది ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్‌కు 2016లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. పత్తికొండ, ఆదోని జనానికి సర్కారు బస్సు దూరంలోకి వచ్చింది. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు. సరిగ్గా ఆరు రోజులకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చండీగఢ్‌ను ప్రారంభించారు. దేశ విభజనలో లాహోర్ పోవడంతో పంజాబ్‌కు కొత్త రాజధాని కావాల్సి వచ్చింది మరి.

ఆ పని చేతిలో పెట్టింది లె కార్బుజియేకి. 1887లో స్విట్జర్లాండ్‌లోని ఓ గడియారాల ఊళ్లో పుట్టారు. అసలు పేరు షార్ల్ ఎదువార్ జన్నెరె. ఆర్కిటెక్చర్ డిగ్రీ లేదు. పారిస్ చేరి పేరు మార్చుకున్నారు. ఆయన జీవితంలో మచ్చ కూడా ఉంది.. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం చుట్టూ పనుల కోసం తిరిగారు.

యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ఇళ్ల కరువు. మార్సెయ్‌లో ఒకే బిల్డింగ్‌లో 337 ఫ్లాట్లు కట్టారు. ఉక్కు కొరత, అందుకే కాంక్రీటు. దాన్ని పూత లేకుండా వదిలేశారు. ఫ్రెంచ్‌లో పచ్చి కాంక్రీటును బెటాన్ బ్రూ అంటారు. 'బ్రూటలిజం'లో వినిపించేది ఆ మాటే, క్రూరత్వం కాదు.

చండీగఢ్‌కు మొదట ప్లాన్ గీసింది అమెరికన్ ఆల్బర్ట్ మేయర్. ఆయన సహచరుడు నొవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో చనిపోయారు. 1951లో కార్బుజియే వచ్చారు. రైతుల పొలాలు, ఊళ్లు పోయాయి.. ఆ సంగతి తక్కువ మంది చెబుతారు.

ఎండ సంగతేంటి? మన వైపు మట్టి మిద్దె చల్లదనం, స్లాబు ఇంటి సెగ తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. కిటికీల ముందు లోతైన కాంక్రీటు అరలు పెట్టి నీడ చూపించారాయన. అయినా హైకోర్టుకు తర్వాత ముందు వైపు వరండా కలపాల్సి వచ్చింది.

1956 నవంబర్ 1న మన రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయింది. అక్కడ మాత్రం పని సాగుతూనే ఉంది.. 1958లో సెక్రటేరియట్, 1962లో అసెంబ్లీ. 1965 ఆగస్టు 27న మధ్యధరా సముద్రంలో ఈతకు దిగిన కార్బుజియే ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆయన గీసిన, గాలికి తిరిగే 'ఓపెన్ హ్యాండ్' 1985లో గానీ చండీగఢ్‌లో నిలబడలేదు.