మత్తును కొలిచి ఇచ్చిన డాక్టర్ జాన్ స్నో



పిల్లలకు టాన్సిల్స్‌కో హెర్నియాకో ఆపరేషన్ చేయించాల్సి వస్తే మీరు సర్జన్ గురించి నాలుగు చోట్ల విచారిస్తారు. మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరని మాత్రం చాలామంది అడగరు. ఆ వృత్తికి శాస్త్రీయమైన పునాది వేసిన వారిలో ముఖ్యులైన జాన్ స్నో జీవితాన్ని ఈ నెల మీకు పరిచయం చేస్తున్నాం.

ఈ పేరు మీ పిల్లలు కలరా పాఠంలో విని ఉండవచ్చు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటి వల్లే కలరా వ్యాపిస్తోందని ఇంటింటా విచారించి చూపించింది ఆయనే. కానీ డాక్టరుగా ఆయన రోజువారీ పని రోగులకు మత్తు ఇవ్వడం.

స్నో 1813 మార్చి 15న ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఒక కూలీ ఇంట, తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడిగా పుట్టారు. 14 ఏళ్లకే న్యూకాజిల్‌లో ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. 1836లో లండన్ వెళ్లి చదువు కొనసాగించి, 1844లో ఎండీ పట్టా అందుకున్నారు.

ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే రోగిని నలుగురు గట్టిగా పట్టుకోవడమే. 1846లో అమెరికాలో మొదలైన ఈథర్ మత్తు ఆ ఏడాది చివరికి లండన్ చేరింది. కొందరికి మత్తు సరిగ్గా ఎక్కేది, కొందరికి ఎక్కేది కాదు. కారణం స్నో కనిపెట్టారు. గాలి వెచ్చగా ఉంటే అందులో ఈథర్ ఆవిరి ఎక్కువగా చేరుతుంది, చల్లగా ఉంటే తగ్గుతుంది. ఆయన తన పరికరాన్ని నీటి తొట్టెలో ఉంచి, ఆ నీటి వేడితో మోతాదును అదుపు చేశారు. మత్తు లోతును ఐదు దశలుగా విడదీసి 1847లో పుస్తకం రాశారు.

అదే ఏడాది క్లోరోఫామ్ వచ్చింది. వాడటం చాలా తేలిక, చేతిరుమాలు మీద కొంచెం పోసి పీల్పిస్తే చాలు. 1848 జనవరి 28న న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడం కోసం అలాగే పీల్పించారు. కొన్ని నిమిషాల్లోనే ఆమె చనిపోయింది. ఆపరేషన్ చిన్నదే, మత్తు మాత్రం చిన్నది కాదు.

రుమాలు మీద పోసిన మందు లోపలికి ఎంత వెళ్తోందో ఎవరికీ తెలియదన్నది స్నో చూసిన అసలు ప్రమాదం. అందుకే పీల్చే గాలిలో క్లోరోఫామ్ నూటికి ఐదు పాళ్లు దాటకుండా ఉండే పరికరం తయారు చేశారు. మత్తు ఇస్తున్నంతసేపూ రోగి ఊపిరినీ నాడినీ కళ్లనూ గమనిస్తూ, ప్రతి కేసూ రాసిపెట్టుకున్నారు. నాలుగు వేలమందికి పైగా క్లోరోఫామ్ ఇచ్చారు. 1853లోనూ 1857లోనూ విక్టోరియా రాణి ప్రసవాలకు, ఆమె స్పృహ కోల్పోనంత తక్కువ మోతాదులో ఇచ్చారు. క్లోరోఫామ్ వల్ల జరిగిన 50 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తూ పుస్తకం రాస్తుండగా పక్షవాతం వచ్చి, 1858 జూన్ 16న 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆ పుస్తకం తర్వాత అచ్చయింది.

ఆయన లేవనెత్తిన ప్రశ్న మన హైదరాబాద్‌కూ వచ్చింది. 1888, 1889లలో నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ముందు ఆగేది ఊపిరే కాబట్టి ఊపిరిని గమనిస్తే చాలని అవి తేల్చాయి. గుండె కూడా నేరుగా ఆగిపోవచ్చని స్నో అంతకుముందే హెచ్చరించారు. చివరికి ఆయన మాటే నిజమని 1911లో ప్రయోగాలు చూపించాయి. నేడు ఆపరేషన్ థియేటర్లో మానిటర్ గుండె కొట్టుకోవడాన్నీ ఆక్సిజన్‌నూ బీపీనీ అనుక్షణం చూపిస్తుంటే, దాని పక్కనే మత్తు డాక్టర్ ఉండేది అందుకే.

ఇప్పటి మందులు వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు పెద్ద ప్రమాదం చాలా అరుదు. మెలకువ వచ్చాక వాంతులు, గొంతు నొప్పి, వణుకు, కాసేపు మిమ్మల్ని గుర్తుపట్టనట్టు ఏడవడం మామూలే. అరుదైనా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, జలుబు ఉన్న బిడ్డకు శ్వాసనాళం బిగుసుకుపోవచ్చు, మందు పడకపోవచ్చు.

వీటిని తగ్గించడం కొంత మీ చేతుల్లోనే ఉంది. సాధారణంగా భోజనం ఆరు గంటల ముందే ఆపమంటారు. మీ డాక్టర్ చెప్పిన సమయం ఏదైతే అదే పాటించండి. గుక్కెడు పాలే కదా అని తాగించి, ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని దాచకండి. జలుబు, ఉబ్బసం, కదిలే పన్ను, వాడుతున్న మందులు, మీ కుటుంబంలో ఎవరికైనా మత్తు వల్ల వచ్చిన ఇబ్బంది, అన్నీ చెప్పండి. మత్తు ఎవరు ఇస్తారో, మెలకువ వచ్చేదాకా బిడ్డ పక్కన ఎవరుంటారో ముందే అడగండి. స్నో రుమాలుకు బదులు కొలతను తెచ్చారు. మీరు చెప్పే వివరాలు లేకపోతే ఆ కొలత మీ బిడ్డకు సరిపోదు.