జోహాన్ సెబాస్టియన్ బాఖ్

పాడుటయు వాయించుటయు విద్యలని యెల్లరు నెఱుగుదురు. వినుటయు నొక విద్యయే యని తలంచువారు కొందఱే. ఆ విద్యకై బాల్యము మొదలు పాటుపడిన జర్మను సంగీతకారుడు జోహాన్ సెబాస్టియన్ బాఖ్ జీవితమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాఖ్ 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన ఐసెనాఖ్ పట్టణమున జన్మించెను. వారి వంశమున పలు తరములుగా సంగీతమే వృత్తి. పదియేండ్లు నిండకముందే తల్లిదండ్రులు గతింపగా, ఓర్డ్రుఫ్ అను ఊరిలో ఆర్గను వాయించు పెద్దన్న ఆ బాలుని చేరదీసెను. అన్నయొద్ద ప్రసిద్ధుల కృతులు గల పుస్తక మొకటి యుండెను. చిన్నవాని కీయక, దానిని జాలితలుపుల బీరువాలో నుంచెను. బాలుడు రాత్రులయందు సందులగుండ చేయి దూర్చి, పుస్తకమును చుట్టగా చుట్టి వెలికిదీసి, దీపము లేనందున వెన్నెలలో నకలు వ్రాసికొనెను. ఆఱు మాసములకు పని ముగిసెను. గాని అన్న కనిపెట్టి ఆ ప్రతిని తీసికొనెను. బాఖ్ మరణానంతరము ఆయన కుమారుడును ఒక శిష్యుడును వ్రాసిన సంస్మరణమువలన ఈ వృత్తాంతము తెలియుచున్నది. అన్న మాట మీఱుట మెచ్చదగినది కాదు. ఆ తృష్ణ మాత్రము మెచ్చదగినదే.

1703లో ఆయన ఆర్న్‌స్టాట్ పట్టణపు దేవాలయమున ఆర్గను వాయించు ఉద్యోగమున ప్రవేశించెను. 1705లో, ల్యూబెక్ నగరమునందలి వృద్ధ విద్వాంసుడు బుక్స్టెహూడె వాద్యము వినగోరి, నాలుగు వారముల సెలవు పుచ్చుకొని, సుమారు 250 మైళ్లు కాలినడకను పోయెను. విన్నకొలది ఇంకను వినవలెననిపించి, ఇంచుమించు నాలుగు మాసములకు గాని తిరిగిరాలేదు. సంఘపెద్దలు మందలించిరి. ఆలస్యమే గాక, కీర్తనలకు వింత స్వరములు చేర్చి వాయించుటచే సభవారు తికమకపడుచున్నారనియు తప్పుపట్టిరి. పెద్దల మాట న్యాయమే. అయినను ఆ యువకుడు వట్టిచేతులతో తిరిగిరాలేదని మాకు తోచుచున్నది.

పిమ్మట వైమారున నుండగా, ఇటలీ దేశస్థుడగు వివాల్డి కృతులు లభించెను. ఇటలీని ఎన్నడును చూడని బాఖ్, వానిని ఆర్గనుకు అనువుగా మార్చి వ్రాసి, వాని కట్టుబాటును నేర్చుకొనెను.

1723లో లైప్‌జిగ్ నగరపు సెయింట్ థామస్ పాఠశాలలో సంగీతోపాధ్యాయుడాయెను. అచ్చటి బాలురచే పాడించుటకై తొలి యేండ్లలో ఇంచుమించు ప్రతి ఆదివారమునకు క్రొత్త గానము వ్రాసెను. అట్టి ఆరాధన గానములు సుమారు 200 నేటికిని నిలిచియున్నవి. పెక్కింటి చివర, దేవునికే మహిమ యను అర్థముగల మూడక్షరములు వ్రాసియుంచెను.

కడపట చూపు మందగించి, రెండు శస్త్రచికిత్సలు జరిగియు ఫలింపక, 1750 జూలై 28న బాఖ్ మరణించెను. ఆయన మహాకృతులను లోకము చాలవఱకు మఱచెను. మత్తయి సువార్తలోని క్రీస్తు శ్రమలను గూర్చిన గానమును 1829 మార్చి 11న బెర్లినులో తిరిగి వినిపించినవాడు, 20 ఏండ్ల మెండెల్‌సన్. దాని ప్రతిని అతనికి బహూకరించినది అతని అమ్మమ్మ.

విద్యార్థులారా! వినగోరువాడు లేక అంతటి గానము కాగితములపై మూగగా నుండెను. నేడు దేశదేశముల గానమును వినుటకు నడకయు వెన్నెలయు అక్కఱలేదు. ఎఱుగని గానము మొదట చెవికి వింతగా తోచినచో విడువక, మఱల వినుడి.